ఒక్క కొండ, పలు ఋతువులు

మైదానాలలో పుట్టి పెరిగిన మనకు వాతావరణమనేది విశాలమైన విషయం. గుంటూరులో ఎండ మండుతున్నప్పుడు తెనాలిలోను మండుతూనే ఉంటుంది. తుపాను వచ్చినదంటే రెండు మూడు జిల్లాలు కలిసి తడుస్తాయి. వేసవిలో ఉరుముల వాన ఒక వీధిని తడిపి, పక్క వీధిని పొడిగా విడిచిపెట్టడం మనం ఎరుగనిది కాదు. కాని అది ఆనాటి మేఘం చేసిన చిత్రమే. రేపటి మేఘం రెండవ వీధిని తడిపి మొదటిదానిని విడిచిపెట్టవచ్చును. కొండసీమలలో సంగతి అట్లా కాదు. అక్కడ కొద్ది దూరంలోనే వాతావరణం మారిపోవడం యాదృచ్ఛికం కాదు, నియమం. ఎత్తు, నేలతీరు, ఎండ, గాలి అనే నాలుగూ కలిసి ఆ నియమాన్ని నడుపుతూ ఉంటాయి. కాళ్ళకు స్కీలు కట్టుకొని మంచువాలులమీద జారేవారికి ఆ నాలుగింటి నడక తెలిసి ఉండడం వినోదానికి సంబంధించిన ముచ్చట కాదు. ప్రాణానికి సంబంధించిన విద్య.

ముందుగా ఒక మాటను గురించి చెప్పుకోవాలి. మన భాషలో మంచు అనే పదం చాలా బరువు మోస్తున్నది. మార్గశిరంలో తెల్లవారుజామున పొలాలమీద పొగవలె పరచుకొనేదీ మంచే. గడ్డిపరకల కొనలమీద బొట్లుగా నిలిచేదీ మంచే. హిమాలయాలమీద నిలువెత్తున పేరుకొనేదీ మంచే. మన నేలమీద మూడవదానితో పని లేదు కనుక వేరు పేరు అవసరపడలేదు. ఈ వ్యాసంలో మంచు అనగా ఆకాశం నుంచి రేకులుగా రాలి నేలపై పేరుకొనే హిమమే. గాలిలో తేలేదానిని పొగమంచు అని వేరుగా చెప్పుకుందాము.

గుల్మార్గు మెట్లు

మన దేశంలో ఈ పాఠం నేర్చుకొనడానికి గుల్మార్గు చాలా అనువైన చోటు. కాశ్మీరలోయకు పడమటి అంచున, పీర్‌పంజాల్ పర్వతశ్రేణి ఒడిలో, శ్రీనగరానికి సుమారు 50 కిలోమీటర్ల దూరాన గిన్నెవలె ఒదిగి ఉన్న పచ్చికబయలు అది. 1927లో ఇద్దరు ఆంగ్ల సైనికాధికారులు అక్కడ స్కీ క్లబ్బును నెలకొల్పారు. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి యేడు, 1948లో, మన సైన్యం అక్కడ స్కీ శిక్షణ పాఠశాలను ప్రారంభించింది. నేటి హై ఆల్టిట్యూడ్ వార్‌ఫేర్ స్కూలుకు మూలం అదే. 1998లో గొండోలా అనే కేబుల్ కారు మొదటి దశ, 2005లో రెండవ దశ ఏర్పడ్డాయి. 2020 నుంచి ఖేలో ఇండియా శీతాకాల క్రీడలకు కూడ గుల్మార్గు వేదిక అయినది.

అక్కడి ఎత్తులను మెట్లవలె ఊహించుకోండి. శ్రీనగరం సముద్రమట్టానికి సుమారు 1,590 మీటర్ల ఎత్తున ఉన్నది. గుల్మార్గు 2,650 మీటర్లు. గొండోలా మొదటి మజిలీ అయిన కొంగ్‌డూరి సుమారు 3,100. అక్కడి నుంచి రెండవ దశ మనిషిని అఫర్వత్ పర్వతం భుజం మీదికి, దాదాపు 3,950 మీటర్లకు చేరుస్తుంది. గొండోలా నడిచే దారి మొత్తం కొలిస్తే సుమారు 5 కిలోమీటర్లే. మైదానంలో ఒక బడిపిల్లవాడు రోజూ నడిచి వెళ్ళి వచ్చే దూరం కంటె అది హెచ్చేమీ కాదు. కాని ఆ 5 కిలోమీటర్లలో 1,300 మీటర్ల ఎత్తు ఇమిడి ఉన్నది.

పైకి పోయిన కొద్దీ గాలి చల్లబడుతుంది. సగటున 1,000 మీటర్లకు 6.5 సెంటిగ్రేడు డిగ్రీల చొప్పున ఉష్ణోగ్రత తగ్గుతుందని భౌతికశాస్త్రం చెబుతున్నది. ఈ లెక్క ప్రకారం గుల్మార్గు బయలులో సున్న డిగ్రీలు ఉన్నప్పుడు అఫర్వత్ భుజం మీద సున్నకు దిగువన 8 డిగ్రీలకు పైగా చలి ఉండాలి. అదే సమయంలో శ్రీనగరంలో 7 డిగ్రీలు ఉండవచ్చును. కావుననే మధ్యధరా సముద్రప్రాంతం నుంచి వచ్చే శీతాకాలపు అల్పపీడనాలు, అనగా పశ్చిమ కల్లోలాలు, కాశ్మీరాన్ని చేరినప్పుడు ఒక్క మబ్బే మూడు రకాలుగా కురుస్తుంది. శ్రీనగరంలో గొడుగు పట్టుకొని నడుస్తూ ఉంటారు. దారి మధ్యలో సగం వాన, సగం మంచుగా పడుతుంది. గుల్మార్గులో ఇళ్ళ కప్పులమీద తెల్లని పరుపు లేస్తుంది.

ఈ మూడింటి నడిమి సరిహద్దు కూడ కదలకుండా ఉండదు. ఒక గ్రాము మంచు కరగడానికి 80 కేలరీల వేడి కావాలని విద్యార్థులు చదువుకొనే ఉంటారు. జోరుగా మంచు రాలుతూ కరుగుతున్నప్పుడు ఆ వేడిని చుట్టూ ఉన్న గాలి నుంచే లాగుకొంటుంది. గాలి చల్లబడుతుంది, దానితో వాన మంచుగా మారే మట్టం కొన్ని వందల మీటర్లు కిందికి దిగవచ్చును. ఉదయం వానలో తడిసిన ఊరు మధ్యాహ్నానికి తెల్లబడడానికి ఇదొక కారణం. ఆ మట్టానికి పైన ఉన్నవాడికి పొడిమంచు దొరుకుతుంది. కింద ఉన్నవాడికి స్కీలను పట్టి ఆపే తడిబురద దొరుకుతుంది.

చలి పారే పల్లం

ఎత్తుతోపాటు చలి హెచ్చుతుందనే సూత్రం కంఠస్థం చేసి కొండ ఎక్కినవాడిని కొండే వెక్కిరిస్తుంది. పహల్గాం ఊరు గుల్మార్గు కంటె దాదాపు 450 మీటర్లు పల్లంలో ఉన్నది. సూత్రం ప్రకారం అక్కడ చలి తక్కువగా ఉండాలి. కాని ఆకాశం నిర్మలంగా ఉన్న శీతాకాలపు రాత్రులలో తరచుగా పహల్గాంలోనే హెచ్చు చలి నమోదు అవుతుంది.

ఏలనగా, చల్లని గాలి వేడిగాలి కంటె బరువైనది. మబ్బులేని రాత్రి నేల తన వేడిని ఆకాశంలోకి విడిచిపెట్టి చల్లబడుతుంది. దానిని ఆనుకొని ఉన్న గాలి కూడ చల్లబడి, నీరు పల్లానికి పారినట్లుగా వాలులవెంట జారి లోయ అడుగున చేరుతుంది. పైన కాస్త వెచ్చని గాలి మూతవలె నిలుస్తుంది. దీనినే ఉష్ణోగ్రతా విలోమం అంటారు. మన తెలుగునేలమీద కూడ ఇది కనబడుతుంది. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగి సుమారు 1,000 మీటర్ల ఎత్తు మాత్రమే కలిగిన ప్రదేశం. కేవలం ఎత్తును బట్టి లెక్కవేస్తే అక్కడ అంతటి చలి పుట్టకూడదు. చుట్టూ కొండలున్న ఆ పల్లంలో రాత్రివేళ చల్లగాలి నిలువ ఉండడం వలననే డిసెంబరు, జనవరి మాసాలలో ఉష్ణోగ్రత అంతగా పడిపోతున్నది.

స్కీ క్రీడాకారునికి ఈ చలిమడుగుల వలన మేలూ ఉన్నది, కీడూ ఉన్నది. పల్లంలో మంచు త్వరగా కరగదు, అది మేలు. నిర్మలమైన రాత్రి మంచు ఉపరితలం మీద గాలిలోని ఆవిరి గడ్డకట్టి ఈకలవంటి తుషారస్ఫటికాలు ఏర్పడతాయి. ఉదయపు ఎండలో అవి రవ్వలవలె మెరుస్తూ చూడముచ్చటగా ఉంటాయి. తరువాత వాటిమీద కొత్త మంచు కురిసినదా, ఆ స్ఫటికాలు లోపల అణగి, ఏ మాత్రం పట్టులేని పలుచని పొరగా మిగులుతాయి. గాలి తగలని మరుగుచోట్ల ఆ పొర ఉంటుంది. గాలి తగిలిన గట్టుమీద ఉండదు. పైనుంచి చూస్తే రెండూ ఒకే తెల్లదనం. ఇది కీడు.

ఎండ చేసే భేదం

గుల్మార్గు ఇంచుమించు 34 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నది. డిసెంబరు 21న మధ్యాహ్నం అక్కడ సూర్యుడు దక్షిణ దిక్కున క్షితిజానికి సుమారు 33 డిగ్రీల ఎత్తున మాత్రమే ఉంటాడు. ఒక గట్టును ఊహించుకోండి. దానికి ఉత్తరాన ఒక వాలు, దక్షిణాన ఒక వాలు ఉన్నాయి. రెండూ 33 డిగ్రీల కంటె కొంచెం హెచ్చుగా వాలి ఉన్నాయి. ఉత్తరపు వాలుకు ఆనాడు పొద్దస్తమానం ఒక్క కిరణం కూడ నేరుగా సోకదు. దక్షిణపు వాలుకు తగిలే ఎండ ఆ ఉపరితలంతో 66 డిగ్రీల కోణం చేస్తుంది. అదే రోజు మధ్యాహ్నం హైదరాబాదులో సమతలమైన నేలమీద పడే ఎండ చేసే కోణం సుమారు 49 డిగ్రీలే. అనగా, కిరణాలు నేలను తాకే కోణాన్ని బట్టి చూస్తే, ఆ గట్టుకు ఒక ప్రక్క హైదరాబాదును మించిన పగలు, రెండవ ప్రక్క పగలే లేని శీతకాలం. వాటి నడుమ దూరం నాలుగడుగులు.

కొత్త మంచు తనపై పడిన వెలుగులో నూటికి 80 పాళ్ళకు పైగా తిప్పికొడుతుంది కనుక దక్షిణపు వాలు మనం ఊహించినంత వేగంగా కరగదు. అయినా పగలు పైపొర మెత్తబడి, రాత్రి గడ్డకట్టి, మరునాటి ఉదయానికి అద్దంవలె గట్టిపడుతుంది. ఉత్తరపు వాలులో మాత్రం వారాల తరబడి పిండివంటి మంచు నిలిచి ఉంటుంది. గట్టు దాటి ఒక వాలునుంచి మరొక వాలులోకి మళ్ళే క్రీడాకారుని స్కీల కింద ఒక్క క్షణంలో పిండి అద్దంగా మారుతుంది. ఆ మార్పును ముందే ఊహించినవాడు నిలుస్తాడు; ఊహించనివాడు పడతాడు.

గాలి దాటిన గట్టు

ఎండను మించినది గాలి. తేమతో నిండిన గాలి కొండను ఢీకొని పైకి లేచి, చల్లబడి, గాలివైపు వాలుమీద తన తేమను కురిపిస్తుంది. అవతలి వైపుకు దిగే గాలి పొడిగా, వెచ్చగా ఉంటుంది. ఆల్ప్స్ పర్వతాలలో ఈ గాలిని ఫోన్ అంటారు. సహారా ఎడారి నుంచి వస్తున్నందుననే ఆ గాలి వెచ్చగా ఉన్నదని పూర్వం కొందరు భావించేవారు. ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు జూలియస్ హాన్ 1866లో ఆ భావనను తోసిపుచ్చి, వేడి కొండలోనే పుడుతున్నదని వివరించాడు.

లెక్క సులభమైనదే. మబ్బు కమ్మిన గాలి 1,000 మీటర్లు పైకి లేస్తే సుమారు 6 డిగ్రీలు చల్లబడుతుంది. ఆవిరి నీరుగా మారేటప్పుడు విడుదలయ్యే వేడి ఆ చల్లబాటును కొంత తగ్గిస్తుంది. తేమ పోగొట్టుకొన్న పొడిగాలి 1,000 మీటర్లు కిందికి దిగితే మాత్రం ఇంచుమించు 10 డిగ్రీలు వేడెక్కుతుంది. కావున 8 డిగ్రీల వద్ద బయలుదేరిన మబ్బుగాలి 2,000 మీటర్లు ఎక్కి, కురిసి, మళ్ళీ అంతే దిగినదంటే అవతలి లోయకు 16 డిగ్రీలతో చేరుతుంది. పైమట్టాలలోని పొడిగాలి నేరుగా లోయలోకి దిగినప్పుడు కూడ ఇటువంటి వెచ్చదనమే కలుగుతుందని తరువాతి పరిశోధనలు తెలిపాయి.

ఈ ఫోన్ గాలికి పేరుపొందిన ఊరు ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్. 1964లో శీతాకాల ఒలింపిక్ క్రీడలు అక్కడ జరిగాయి. శీతాకాల ఒలింపిక్సులో భారతదేశం తొలిసారి పాల్గొన్నది కూడ అప్పుడే. పోలండు సంతతికి చెందిన జెరెమీ బుయకోవ్‌స్కీ ఒక్కడే మన దేశం పక్షాన స్కీ పందెంలో దిగాడు. ఆ యేడు పందెపు వాలులమీద చాలినంత మంచు పడలేదు. అప్పుడు ఆస్ట్రియా సైనికులు 40,000 ఘనమీటర్ల మంచును ఇతర కొండతావుల నుంచి మోసుకొనివచ్చి పరచవలసి వచ్చినది. మంచు దేశంలో లేకపోలేదు; కావలసిన వాలుమీద లేదు, అంతే.

గాలి చేసే రెండవ పని ఇంకను ప్రమాదకరమైనది. అది నేలమీది మంచును ఊడ్చి మరొకచోట పోస్తుంది. గాలివేగం రెండింతలైతే అది మోసే మంచు సుమారు ఎనిమిదింతలవుతుంది. గట్టుకు గాలివైపున రాళ్ళు బయటపడేటంతగా ఊడ్చివేసి, అవతలి మరుగున దిబ్బలుగా పేర్చుతుంది. ఆకాశం నుంచి కురిసే మంచు కంటె పదిరెట్లు వేగంగా కూడ ఇట్లా పేరుకోవచ్చును. అఫర్వత్‌లో గుల్మార్గు వైపు వాలులు ఎక్కువగా తూర్పు, ఈశాన్య దిక్కులకు తిరిగి ఉన్నాయి. తుపాను గాలులు తరచుగా పడమటి నుంచి, నైరుతి నుంచి వీస్తాయి. కావున స్కీయింగుకు అత్యంత మనోహరమైన ఆ వాలులే గాలి మోసుకొనివచ్చిన మంచుకు గాదెలు కూడ. ఊరిలో నిబ్బరంగా, గాలి ఆడనట్లుండే సమయంలో గట్టుమీద పెనుగాలి వీస్తూ ఉండవచ్చును. గొండోలా మొదటి దశ నడుస్తూనే ఉండగా రెండవ దశను గాలి కారణంగా ఆపివేయడం అక్కడ సాధారణమే.

ఇట్లా పేరుకొన్న మంచు పలకలు లోపలి బలహీనమైన పొరమీద నుంచి జారడమే మంచుచరియలు విరిగిపడడం. 30 నుంచి 45 డిగ్రీల వాలులమీద ఇది ఎక్కువగా జరుగుతుంది. మంచి స్కీ క్రీడాకారులు కోరుకొనే వాలు కూడ అదే. 2010 ఫిబ్రవరి 8న గుల్మార్గుకు ఎగువనున్న ఖిలన్‌మార్గు వద్ద శిక్షణలో ఉన్న సైనికులమీద మంచుచరియ విరుచుకుపడగా 17 మంది మరణించారు. 2023 ఫిబ్రవరి 1న అఫర్వత్ వాలుమీద పోలండు నుంచి వచ్చిన ఇద్దరు క్రీడాకారులు, 2024 ఫిబ్రవరి 22న రష్యా నుంచి వచ్చిన ఒకరు ఇట్లాగే ప్రాణాలు కోల్పోయారు. మంచు కింద పూడినవారికి తొలి పది పదిహేను నిమిషాలే ఆశ. మనుషులు చిక్కుకొన్న ఇటువంటి ప్రమాదాలలో అత్యధిక భాగం, ఆ చిక్కుకొన్నవారి బరువు వలననో, వారి తోటివారి బరువు వలననో జరిగినవే కావడం గమనించదగినది. కొండ తనంతట తాను మీద పడడం అరుదు; మనిషి తెలియక దానిని కదిలిస్తున్నాడు.

గడికి ఒక్క జవాబు

శాస్త్రం ఇంత పెరిగినది గదా, కంప్యూటరులు ముందే చెప్పలేవా అని విద్యార్థులు అడగవచ్చును. వాతావరణ సూచనలు గణించే యంత్రాలు భూమిని గళ్ళుగా విభజించి, గడికొక జవాబు చెబుతాయి. 2025 మే మాసంలో మన వాతావరణశాఖ ప్రారంభించిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టంలో ఒక్కొక్క గడి 6 కిలోమీటర్ల వెడల్పు కలది. అంతకుముందు అది 12 కిలోమీటర్లు. ప్రపంచమంతటికి లెక్కవేసే పద్ధతులలో ఇది చాలా సూక్ష్మమైనది. రైతుకు, మత్స్యకారునికి దాని వలన ఎంతో మేలు. కాని గొండోలా దారి మొత్తం 5 కిలోమీటర్లే అని చెప్పుకొన్నాము. అనగా గుల్మార్గు బయలు, కొంగ్‌డూరి, అఫర్వత్ భుజం, గాలివైపు గట్టు, గాలిమరుగు గాదె, ఎండవాలు, నీడవాలు అన్నీ ఒకే గడిలో ఇమిడిపోగలవు. యంత్రం దృష్టిలో ఆ గడికి ఒక్కటే ఎత్తు.

ఇది యంత్రం లోపం కాదు; అది చెప్పవలసిన మేరకు చెబుతున్నది. ఎప్పుడు కల్లోలం వస్తుందో, ఎంత తేమ తెస్తుందో, గాలి ఏ దిక్కునుంచి వీస్తుందో అది చెబుతుంది. మంచుచరియల ప్రమాదాన్ని అధ్యయనం చేసే రక్షణశాఖ పరిశోధకులు జిల్లాలవారీగా, ఎత్తులవారీగా హెచ్చరికలు వెలువరిస్తున్నారు. ఆ హెచ్చరికను తన ఎదుటి వాలుకు అన్వయించుకొనే పని మాత్రం మనిషికే మిగిలి ఉన్నది. అనుభవం కల మార్గదర్శి ఆ పనిని కళ్ళతో చేస్తాడు. శిఖరం నుంచి మంచుధూళి జెండావలె ఎటు ఎగురుతున్నదో చూస్తాడు. గట్టు అంచున మంచు ఇంటిచూరువలె ఎటు పొడుచుకొని వచ్చినదో చూస్తాడు. చూరు ఏ వైపున ఉంటే బరువు ఆ వైపున పేరుకొన్నదన్న మాట. మంచులో గుంట తవ్వి పొరలను వేలితో నొక్కి పరీక్షిస్తాడు. కాలి కింద మంచు గుభాలుమని కుంగినా, స్కీల ముందు పగులు పాకినా వెనుకకు మళ్ళుతాడు. అన్నిటికంటె ముఖ్యంగా, నిన్న ఈ వాలు క్షేమంగా ఉన్నదనే కారణాన పక్క వాలు కూడ క్షేమమని నమ్మడు.

ఈ చిన్న దూరాల లెక్క ఆ ఊరివారి జీవనోపాధికి కూడ సంబంధించినది. 1,000 మీటర్లకు 6.5 డిగ్రీల తేడా ఉన్నదంటే, కల్లోలం వచ్చిన రోజున గాలి ఒక్క డిగ్రీ వెచ్చబడినా వాన మంచుగా మారే మట్టం 150 మీటర్లు పైకి జరుగుతుందన్న మాట. 2024 జనవరిలో దీర్ఘకాలం పొడిగా ఉండడం వలన గుల్మార్గు బయలు నెలలో చాలా భాగం మంచు లేక గోధుమరంగున మిగిలిపోయినది. 2025లో అక్కడ ఫిబ్రవరిలో జరగవలసిన శీతాకాల క్రీడలను మంచు చాలక మార్చికి వాయిదా వేశారు. కల్లోలాలు రాకపోవడం ఒక కష్టం. వచ్చినవి వెచ్చగా ఉండడం మరొక కష్టం. ఈ రెండవ కష్టం అన్నిటికంటె ముందుగా సోకేది దిగువ వాలులకే. నేర్చుకొనే పిల్లలు మొదటిసారి స్కీలు కట్టుకొనే చోట్లు కూడ అవే.

మన పాఠశాలలలో మంచు లేదు. అయినా డిసెంబరు మాసంలో ఒక ఉదయం బడి భవనానికి ఉత్తరపు గోడ దగ్గర ఒక ఉష్ణమాపకాన్ని, దక్షిణపు గోడ దగ్గర ఒకదానిని, వీలైతే ఊరి చివర పల్లంలో సూర్యోదయానికి ముందు మరొకదానిని ఉంచి చూడవచ్చును. మూడు అంకెలు మూడు రకాలుగా ఉంటాయి. పత్రికలో ఆనాడు మన ఊరికి అచ్చయ్యేది మాత్రం ఒక్క అంకె. ఆ అంకె అబద్ధం కాదు. అది ఎక్కడ కొలిచినదో అక్కడికి నిజం. మనకు ఆ తేడా రెండు మూడు డిగ్రీల ముచ్చటగా ముగుస్తుంది. అఫర్వత్ గట్టుమీద నిలిచి, ఎటు జారాలా అని ఆలోచించే మనిషికి ఆ తేడాయే ఇంటికి చేర్చే దారిని నిర్ణయిస్తుంది.